రాయించే ముందు మనం రాద్దాం
(మన సంఘం వేసవి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిలు, వైద్య బిల్లుల విషయాలు ముగిశాక నన్ను కాసేపు మాట్లాడమన్నారు. ఎండాకాలం కదా, టీచర్ల వేసవి శిక్షణల గురించి చెబుతానన్నాను. పక్కనున్న మిత్రులు నవ్వి, "రిటైరయినా శిక్షణ మిమ్మల్ని వదల్లేదా సారూ?" అన్నారు. వదల్లేదు. ఎందుకు వదల్లేదో చెప్పడానికే నిలబడ్డాను.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని ఇవాళ మూడు జిల్లాల పేర్లు చెబుతున్నాం. 2016 అక్టోబరు 11 దాకా ఇవన్నీ చాలావరకు మన పాత వరంగల్ జిల్లావే. ఆ తర్వాత 2019లో ములుగు కూడా వేరయింది. జిల్లాలు ఎన్నయినా మనం కూర్చున్న శిక్షణ గదులు ఒక్కటే. 1986 జాతీయ విద్యావిధానం వచ్చాక వేసవిలో సామూహిక శిక్షణలు మొదలయ్యాయి. తర్వాత బ్రిటిష్ సహాయంతో 'అప్పెప్' వచ్చింది. 1996లో డి.పి.ఇ.పి. మొదలైనప్పుడు రాష్ట్రంలో మొదట తీసుకున్న అయిదు జిల్లాల్లో వరంగల్ ఒకటి. బోధనోపకరణాలకని ఏటా టీచరుకు 500 రూపాయలు ఇచ్చిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ డబ్బుతో అట్టముక్కలు, రంగుకాగితాలు కొని, రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కత్తిరించేవాళ్లం.

అప్పెప్ మనకు ఆరు సూత్రాలు నేర్పింది. అందులో ఒకటి, పిల్లల పనిని తరగతి గదిలో ప్రదర్శించి గదిని ఆకర్షణీయంగా ఉంచడం. ఆరింటినీ నేను కంఠతా చెప్పేవాణ్ణి. చెప్పడం వేరు, చేయడం వేరు. నా గోడమీద వేలాడినవి నేను రాసిన చార్టులే. పిల్లలు రాసినవి ఒక్కటీ లేవు.

ఇప్పుడు నా తప్పు ఒకటి మీ ముందు పెడతాను. 1991లో మానుకోట వైపు ఒక తండా బడిలో పని చేస్తున్నాను. నాలుగో తరగతికి 'మా ఇల్లు' అని నాలుగు వాక్యాలు రాయమన్నాను. ఒక అమ్మాయి ఇలా రాసింది: "మా యాడి మిరపకాయ ఏరబోయింది. నేను దూడను చూసుకుంట ఇంటికాడ ఉన్న. దూడ నా గౌను నమిలింది. యాడి వస్తె కొడ్తది." యాడి అంటే లంబాడీ భాషలో అమ్మ. నేను ఎర్రసిరా కలం తీసి 'యాడి' కొట్టేసి 'తల్లి' అని రాశాను. 'ఇంటికాడ' కొట్టేసి 'ఇంటి వద్ద' అన్నాను. 'కొడ్తది' మీద సున్నా చుట్టాను. కాగితం నిండా ఎరుపే. పదికి మూడు మార్కులు. దూడ గౌను నమిలిన సంగతి నేను చదివానే కాని వినలేదు.

మరుసటి వారం 'ఆవు' మీద రాయమన్నాను. ఆ అమ్మాయి వాచకంలో ఉన్నదున్నట్టు, ఆవు సాధుజంతువు, దానికి నాలుగు కాళ్లుండును అని రాసింది. ఒక్క తప్పు లేదు. పదికి పది వేసి తరగతిలో చప్పట్లు కొట్టించాను. ఆ ఏడాది ఆ పిల్ల తన ఇంటి సంగతి ఒక్కటి కూడా మళ్లీ రాయలేదు. అది నా విజయమనుకున్నాను.

ఆరేళ్ల తర్వాత, 1997 మే నెలలో ఒక వేసవి శిక్షణకు వెళ్లాను. మామూలుగా మన శిక్షణలు ఎలా ఉండేవో తెలిసిందే. హాజరు సంతకం, ఉపన్యాసం, చాయ్, మళ్లీ ఉపన్యాసం, చివరి రోజు టి.ఎ., డి.ఎ. ఫారాలు. ఆ రోజు మాత్రం వచ్చిన రిసోర్సు పర్సన్ ఉపన్యాసం ఇవ్వలేదు. అందరికీ తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, "మీ ఉద్యోగంలో మొదటి రోజు గురించి అరగంట రాయండి, నేనూ రాస్తాను" అని తానూ కూర్చున్నాడు.

అప్పటికి పదిహేనేళ్లుగా పిల్లల చేత వ్యాసాలు రాయిస్తున్న నాకు కలం సాగలేదు. "ఉపాధ్యాయ వృత్తి పవిత్రమైనది" అని మొదలుపెట్టి అక్కడే ఆగాను. ఫ్యాను కింద కూడా చెమట పట్టింది. పక్కవాడేం రాస్తున్నాడోనని తొంగి చూశాను. మన పిల్లలు పరీక్షలో చూసినట్టే!

భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన ఒక సోదరి తను రాసింది చదివింది. బస్సు దిగి, చెప్పులు చేతబట్టుకుని వాగు దాటి బడికి పోవడం, ఆమెను చూసి కోయ పిల్లలు ఇప్పచెట్టు వెనక దాక్కోవడం, సాయంత్రానికి ఒక పిల్ల వచ్చి చీర కొంగు పట్టుకోవడం. అంతే. అన్నీ ఇంట్లో మాట్లాడే మాటలే. గదిలో ఎవరూ కదల్లేదు. ఆ కాగితాన్ని గనక నేను దిద్ది ఉంటే ఎన్నిచోట్ల ఎర్రగీత పడేదో లెక్కపెట్టుకున్నాను. అప్పుడు తండా పిల్ల గుర్తుకొచ్చింది.

ఈ పద్ధతి మరోచోట కూడా ఉందని తర్వాత తెలిసింది. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ గ్రే 1974 వేసవిలో బే ఏరియా రైటింగ్ ప్రాజెక్టు మొదలుపెట్టాడు. దాని సూత్రం రెండు ముక్కల్లో చెప్పవచ్చు. రచన నేర్పే ఉపాధ్యాయుడు తాను రాయాలి. ఉపాధ్యాయులకు మంచి శిక్షకులు తోటి ఉపాధ్యాయులే. అది తర్వాత ఆ దేశమంతటా విస్తరించింది. ఈత నేర్పేవాడు గట్టున నిలబడి చెబితే ఎవరికి వస్తుంది?

తర్వాత నేనూ కొన్నేళ్లు రిసోర్సు పర్సన్‌గా తిరిగాను. జనగామలో ఒక సోదరుడు లేచి సూటిగా అడిగాడు: "సారూ, తప్పులు దిద్దకపోతే పరీక్షలో మార్కులెట్ల వస్తయి? సిలబస్ ఎప్పుడయితది?" న్యాయమైన ప్రశ్న. నేను చెప్పింది ఇది. దిద్దొద్దని అనడం లేదు, ఒకేసారి అన్నీ దిద్దొద్దు. మొదటిసారి చదివినప్పుడు కలం జేబులో పెట్టి, పిల్లవాడు చెప్పిన సంగతికి జవాబుగా ఒక వాక్యం రాయాలి. "దూడ గౌను నమిలితే యాడి నిజంగా కొట్టిందా?" అని అడగాలి. దానికి జవాబు రాయడానికి పిల్లవాడు మళ్లీ కాగితం పడతాడు. రెండోసారి ఏవైనా రెండు తప్పులే ఎంచుకుని చూపాలి. వారానికి రెండు చొప్పున ఏడాదికి ఎన్నవుతాయో మీరే లెక్కవేయండి. సుతిలి తాడు కట్టి కాగితాలు వేలాడదీస్తే పిల్లలు ఒకరివి ఒకరు చదివి తప్పులు వాళ్లే పట్టుకుంటారు.

భూపాలపల్లి గనుల దగ్గరి బడిలో పిల్లలు నాన్న షిఫ్టుల గురించి రాశారు. రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోయే నాన్నకు మెలకువ రాకుండా ఇంట్లో ఎలా ఆడుకోవాలో ఒక పిల్లవాడు రాశాడు. ఏ వాచకంలో దొరుకుతుంది ఆ పాఠం?

మనది మాట విలువ తెలియని ప్రాంతం కాదు. ఏడెనిమిది వందల ఏళ్ల కింద జనగామ జిల్లా పాలకుర్తి సోమన జాను తెనుగని చాటి, జనం పాడుకునే ద్విపదలో బసవ పురాణం రాశాడు. వరంగల్ కాళోజీ గారు జనం పలుకుబడి కోసం జీవితమంతా వాదించారు. వారి పుట్టిన రోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఉమ్మడి రాష్ట్రంలో 2004-05లో కోయ, బంజారాతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టే ప్రయత్నమూ జరిగింది. వేదిక మీద ఇంత గౌరవం ఇస్తాం, నోటుబుక్కులో మాత్రం ఎర్రగీత పెడతాం.

తెలుగు వాచకాల్లో ఇప్పుడు స్వీయ రచనకు, సృజనాత్మకతకు చోటుంది. 2022లో ప్రాథమిక తరగతులకు 'తొలిమెట్టు', మరుసటి ఏడు పై తరగతులకు 'ఉన్నతి' వచ్చాయి. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం, రెండు భాషలు పక్కపక్కన అచ్చయిన పుస్తకాలు వచ్చాయి. తండా పిల్లకు ఇంట్లో ఒక భాష, బడిలో రెండు. ఆమెకు సొంతంగా నాలుగు వాక్యాలు రాసే ధైర్యం ఇవ్వకపోతే మూడింటిలోనూ మూగదవుతుంది. గైడులో చూసి 'స్వీయ రచన' ఎక్కించే పిల్లలను మనుమల ఇళ్లలో మీరంతా చూస్తూనే ఉన్నారు.

అందుకే నా మనవి ఒకటే. శిక్షణలో ఎన్ని ఉపన్యాసాలయినా ఉండనివ్వండి, రోజుకు ఒక గంట టీచర్లు రాసి ఒకరికొకరు చదువుకునేలా చూడమని మన సంఘం తరఫున అధికారులను కోరదాం. పిలిస్తే మనమూ వెళ్లి వాళ్ల పక్కన కూర్చుని రాద్దాం, సలహాలివ్వడానికి కాదు. అంతకుముందు మనలో ప్రతి ఒక్కరూ ఉద్యోగంలో మొదటి రోజు గురించి ఒక పేజీ రాసి మన పత్రిక వచ్చే సంచికకు పంపండి. ఆఫీసుల్లో పనిచేసిన వారూ రాయవచ్చు. ఇంటి మాటల్లో రాయండి. దిద్దనని నేను హామీ ఇస్తున్నాను.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ఆ కాగితం కూడా నా దగ్గర లేదు, మార్కులేసి తిరిగి ఇచ్చేశాను. యాడి కొట్టిందో లేదో ఆనాడు నేను అడగలేదు.