పారిశ్రామిక ఇంజనీరింగు విద్య

వెల్దుర్తి సమీపమున మాచర్లలో కె.సి.పి. సంస్థ 1958లో సిమెంటు కర్మాగారమును స్థాపించినది. సున్నపురాయి సిమెంటగుటకు యంత్రములు మాత్రమే చాలవు. రాయి వేళకు అందవలెను. బొగ్గు వృథా కారాదు. పనివారికి హాని కలుగరాదు. మనుష్యులను, యంత్రములను, కాలమును ఇట్లు సమన్వయపరచు విద్యయే పారిశ్రామిక ఇంజనీరింగు.

ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు చదివినవారు ప్రవేశ పరీక్ష ద్వారా నాలుగేండ్ల ఇంజనీరింగు డిగ్రీకి, పాలిటెక్నిక్ డిప్లొమా కలవారు ఈసెట్ ద్వారా రెండవ సంవత్సరమునకు చేరవచ్చును. ఈ శాఖ పేరిట డిగ్రీ కొలది కళాశాలలలోనే కలదు. అందులకై తల్లిదండ్రులు పొలము కుదువబెట్టి బిడ్డను దూరము పంపనక్కరలేదు. అందుబాటులోనున్న కళాశాలలో మెకానికల్ శాఖను ఎన్నుకొనవచ్చును. అయితే పని అధ్యయనము, నాణ్యతా నియంత్రణము, సంఖ్యాశాస్త్రము అచట బోధింతురో లేదో పాఠ్యప్రణాళికలో ముందే చూచుకొనవలెను. సెలవులలో కర్మాగార శిక్షణ పొందవలెను. శాఖ పేరుకన్న నేర్చిన పనియే బ్రతుకుతెరువు చూపును.