మనసుకూ ఒక కాల్ బుక్

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చితి చనిపోయినవాణ్ణి కాలిస్తే, చింత బతికున్నవాణ్ణి కాలుస్తుందని పెద్దలంటారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ చింతించడానికి మనకు తీరిక ఉండేది కాదు. రిటైరయ్యాక తీరిక దొరికింది. చింత వచ్చి దాన్ని ఆక్రమించుకుంది.

నేను మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. మూడు చోట్లా మనవాళ్ళ చింతలు వింటూనే ఉన్నాను. మదనపల్లెలో టమోటా వేసినవారికి ధర చింత. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటిన పంటకు, మరో కారులో కోతకూలి కూడా రాదు. పుంగనూరు వైపు బోరులో నీళ్ళ చింత. కుప్పంలో, బెంగళూరులో ఉన్న కొడుకు ఫోను ఎందుకు ఎత్తలేదన్న చింత. ఇక మనందరికీ ఉమ్మడిగా డి.ఎ. బకాయిలు, మోకాళ్ళ నొప్పులు, అన్నిటికీ మించి 'నా తర్వాత ఈమె గతేమిటి?' అన్న ప్రశ్న.

1895లో మన మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు భయం గురించి దేశదేశాల్లో మాట్లాడారు. రేపటిని గురించిన ఆలోచనే భయాన్ని పెంచుతుందని ఆయన చెప్పేవారు. అంతటి తత్వం నాబోటివాడికి అందకపోవచ్చు. కానీ ఆఫీసు పద్ధతి మనకు తెలుసు గదా! దాన్నే మనసుకు వర్తింపజేయమని నా మనవి.

ఒకటి. టపా రాగానే నంబరు వేసి పర్సనల్ రిజిస్టరులో ఎక్కించేవాళ్ళం. చింతనూ అలాగే కాగితం మీద రాయండి. తలలో ఇరవైగా తిరిగేవి, రాస్తే మూడో నాలుగో తేలతాయి.

రెండు. మనం చేయగలిగిన చర్య ఉంటే ఈరోజే చేయండి. భార్య గురించి దిగులా? పి.పి.ఓ.లో ఆమె పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో చూడండి. బ్యాంకు నామినేషన్ సరిచేయించండి. కాగితాలెక్కడున్నాయో ఆమెకు చూపించండి. రాత్రంతా దొర్లితే ఆమెకు ఒరిగేదేమీ లేదు.

మూడు. కొన్ని నెలలపాటు మన చేతిలో పనిలేని ఫైలును కాల్ బుక్‌లోకి మార్చి, గడువు నాడు తీసి చూసేవాళ్ళం. వాన, టమోటా ధర, డి.ఎ. బకాయి అలాంటివే. గడువు దాకా వాటిని బల్ల మీదికి తేవద్దు.

నాలుగు. చింతకు వేళ పెట్టండి. అమెరికాలో బోర్కోవెక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1983లో ఈ పద్ధతిని ప్రచురించారు. రోజూ ఒకే వేళ, ఒకే చోట అరగంట కూర్చుని చింతించాలి. మిగతా వేళల్లో వచ్చినదాన్ని ఆ అరగంటకు వాయిదా వేయాలి. మా ఇంటావిడ గుండె పరీక్ష రిపోర్టు రావడానికి మూడు రోజులు పట్టినప్పుడు నేను సాయంత్రం ఐదింటికి వసారాలో కూర్చుని ఇదే చేశాను. దిగులు పోలేదు. కానీ ఆమెకు అన్నం పెట్టే వేళ, మాట్లాడే వేళ నాకు మిగిలాయి.

ఒక హెచ్చరిక. ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే 'ఇది దిగులేలే' అని ఊరుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. థైరాయిడ్ వల్ల, కొన్ని మందుల వల్ల కూడా గుండెదడ వస్తుంది. నిద్రమాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు. ఈ వయసులో తూలి పడితే తుంటి విరుగుతుంది. వారాల తరబడి నిద్రా తిండీ తప్పితే డాక్టరుకు చెప్పుకోండి. అది పిచ్చీ కాదు, పరువు తక్కువా కాదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరిగా ఒక్క మాట. ఫైళ్ళన్నీ తేల్చి రిటైరైన గుమాస్తా మనలో ఒక్కడూ లేడు. పెండింగు జాబితా రాసి, ఛార్జి అప్పగించి ఇంటికొచ్చాం. ఆఫీసు నడుస్తూనే ఉంది. రోజూ పడుకోబోయే ముందు కూడా అలాగే ఛార్జి అప్పగించి కళ్ళు మూసుకోమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.