గెన్షిన్ ఇంపాక్ట్: మనకి నచ్చిన ఆటలో నాలుగు లోపాలు, నేను రాసిన ఒక కోడ్

పామర్రు నుంచి మాట్లాడుతున్నా. వెనకాల హారన్లు వినపడితే ఏమీ అనుకోకండి, మా ఇల్లు సెంటర్‌కి దగ్గర. బందరు బస్సు, గుడివాడ బస్సు రెండూ ఇక్కడే గోల చేస్తాయి.

ఈ రోజు టాపిక్ గెన్షిన్ ఇంపాక్ట్. ఫ్యాన్స్ అప్పుడే తిట్టడం మొదలుపెట్టకండి, నేను కూడా ఫ్యానే. ముందు మంచి చెప్పి, తర్వాత చెడు చెప్తా. చివర్లో నా సంగతి ఒకటి ఉంది. అసలు ఈ వీడియో చేయడానికి కారణం అదే.

ఈ గేమ్ 2020 సెప్టెంబర్ 28న వచ్చింది. చేసింది చైనాలోని షాంఘై కంపెనీ మిహోయో. బయటి దేశాల్లో హోయోవర్స్ పేరుతో నడుస్తుంది. అప్పటిదాకా ఫోన్‌లో ఓపెన్ వరల్డ్ అంటే మనకి తెలిసింది చాలా తక్కువ. ఇది వచ్చాక ఎదురుగా కనపడే కొండ ఎక్కొచ్చు, పైనుంచి రెక్కలు విప్పి దూకొచ్చు, వానలో తడిసిన శత్రువుకి కరెంటు షాక్ ఇవ్వొచ్చు, నీళ్ళు గడ్డకట్టించి చెరువు మీద నడిచి వెళ్లొచ్చు. 2017లో వచ్చిన జెల్డా బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ ప్రభావం దీని మీద చాలా ఉంది, నిజమే. కానీ ఆ అనుభవాన్ని ఉచితంగా, ఫోన్‌లో పెట్టి ఇచ్చారు. ఆ ఏడాదే ఆపిల్ వాళ్ళు ఐఫోన్ గేమ్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చారు, గూగుల్ ప్లే వాళ్ళు కూడా బెస్ట్ గేమ్ అన్నారు. ఆ సంగీతం, ఆ లియూ ఊరు, ఆ రాత్రి దీపాలు... అన్నీ ఆ పొగడ్తకి తగ్గవే.

మరి లోపం ఎక్కడ? ప్రపంచాన్ని కట్టిన టీమ్ ఒకలా ఆలోచించింది, ఆ ప్రపంచం చుట్టూ కంచె కట్టిన టీమ్ ఇంకోలా ఆలోచించింది. నా ఫిర్యాదంతా ఆ కంచె మీదే.

మొదటిది, విష్. క్యారెక్టర్ల కోసం మనం లాగే లాటరీ. 5 స్టార్ క్యారెక్టర్ రావడానికి ఒక్క విష్‌కి అవకాశం 0.6 శాతం. ఇది కంపెనీ స్వయంగా గేమ్‌లో రాసిన నంబరే. 90వ సారికి గ్యారంటీ. ఆ గ్యారంటీని కూడా కలిపితే సగటు 1.6 శాతం, అంటే దాదాపు 62 విష్‌లకి ఒక 5 స్టార్. అయితే వచ్చింది మీకు కావాల్సిన క్యారెక్టరే అని లేదు. సుమారుగా బొమ్మా బొరుసా. ఓడిపోతే మళ్ళీ మొదట్నుంచి. అన్నీ కలిపి లెక్కేస్తే, కావాల్సిన ఒక్క క్యారెక్టర్‌కి సగటున 90 పైచిలుకు విష్‌లు. అదృష్టం అస్సలు లేకపోతే 180.

ఒక విష్‌కి 160 ప్రిమోజెమ్స్. 180 విష్‌లంటే 28,800. రోజూ ఇచ్చే నాలుగు చిన్న పనులు చేస్తే వచ్చేది 60. వాటి మీదే ఆధారపడితే 480 రోజులు. ఆ క్యారెక్టర్ బ్యానర్ ఉండేది మూడు వారాలు. ఆ మూడు వారాల రోజువారీ పనులకి వచ్చేది 1,260, అంటే ఎనిమిది విష్‌లు కూడా రావు. ఈవెంట్లు ఉన్నాయి, పెట్టెలు వెతికితే దొరుకుతాయి, ఒప్పుకుంటా. కానీ తేడా ఎంతుందో మీకే కనపడుతోంది. ఆ తేడాని పూడ్చడానికే షాప్ ఉంది.

షాప్‌లో ఇంకో తమాషా. రూపాయలు పెడితే జెనిసిస్ క్రిస్టల్స్ వస్తాయి. అవి ప్రిమోజెమ్స్ అవుతాయి. అవి ఫేట్స్ అవుతాయి. వాటితో విష్. మూడు మలుపులు తిరిగేసరికి ఒక్క విష్ ఎన్ని రూపాయలో ఎవడికీ గుర్తుండదు. ఇది నా ఒక్కడి మాట కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సరిగ్గా ఇలాంటి ఆరోపణలే చేసింది. 2025 జనవరిలో కంపెనీ 2 కోట్ల డాలర్లు కట్టడానికి, 16 ఏళ్ల లోపు పిల్లలకి తల్లిదండ్రుల అనుమతి లేకుండా లూట్ బాక్సులు అమ్మకుండా ఉండటానికి ఒప్పుకుంది.

రెండోది, రెజిన్. మన డెల్టా పిల్లలకి ఇది తేలిగ్గా అర్థమవుద్ది. కాలవ నీళ్ళు వంతుల వారీగా వదులుతారు కదా. మన వంతు రాత్రి రెండింటికి వస్తే రెండింటికే లేచి వెళ్ళి మడవ తియ్యాలి. లేకపోతే నీళ్ళు పక్క చేలోకి పోతాయి. రెజిన్ కూడా అంతే. 8 నిమిషాలకి ఒకటి ఊరుద్ది. తొట్టి నిండాక ఆగిపోద్ది. నువ్వు వచ్చి ఖర్చు పెట్టకపోతే అక్కడి నుంచి నష్టం.

ఆట మొదలైనప్పుడు తొట్టి 120. అంటే 16 గంటల్లో నిండుద్ది. ఒక్క చుక్క పోకూడదంటే రోజుకి రెండుసార్లు ఫోన్ తియ్యాల్సిందే. తర్వాత 160 చేశారు, 21 గంటల 20 నిమిషాలు. 2024లో 200 చేశారు, 26 గంటల 40 నిమిషాలు. ఇప్పుడు రోజుకోసారి చాలు. నాలుగేళ్లు పట్టింది ఆ ఒక్క నంబర్ మార్చడానికి. కాలవలో నీళ్ళు నిజంగా తక్కువ, అందుకే వంతులు పెట్టారు. రెజిన్‌కి ఏం కరువు? అది సర్వర్‌లో ఒక అంకె. కరువు కావాలని సృష్టించింది.

ఆ రెజిన్ పెట్టి ఏం తెస్తాం? ఆర్టిఫాక్ట్స్. ఒక డొమైన్‌లో రెండు సెట్లు, కావాల్సిన సెట్ రావడం రెండింట ఒకటి. ఐదు రకాల ముక్కలు, గోబ్లెట్ రావడం ఐదింట ఒకటి. అందులో మీ ఎలిమెంట్ డ్యామేజ్ పడటం ఇరవైలో ఒకటి. గుణిస్తే 200లో ఒకటి. రోజుకి ఊరే రెజిన్ 180, ఒక్కోసారికి ఖర్చు 20. అంటే రోజుకి తొమ్మిది సార్లు, సారికి 5 స్టార్ ముక్క దాదాపు ఒకటి. ఒక్క గోబ్లెట్‌కి సగటున 22 రోజులు! తెచ్చాక దాన్ని 20వ లెవెల్‌కి తీసుకెళ్తుంటే ప్రతి 4 లెవెల్స్‌కి ఏ సబ్‌స్టాట్ పెరుగుద్దో మన చేతిలో ఉండదు. అందుకే చాలామంది గోబ్లెట్ మాత్రం వేరే సెట్‌ది పెట్టి సర్దుకుంటారు. ఆటగాడు సర్దుకుంటున్నాడంటే అక్కడ డిజైన్ ఓడిపోయినట్టే. వెర్షన్ 5.0లో మెయిన్ స్టాట్ ఎంచుకునే దారి ఒకటి ఇచ్చారు. మంచిదే. కానీ దాన్ని కూడా లెక్కపెట్టి ఇస్తారు.

మూడోది, వరల్డ్ లెవెల్. మన ర్యాంకు పెరిగేకొద్దీ ప్రపంచంలో ఉన్న శత్రువులంతా బలపడతారు. నిన్న రెండు దెబ్బలకి పోయిన హిలిచర్ ఈ రోజు ఆరు దెబ్బలు తింటాడు. ఇది పాత జబ్బే. 2006లో వచ్చిన ఆబ్లివియన్‌ని కూడా ఇందుకే తిట్టారు, దారి దోచుకునే దొంగలు కూడా ఖరీదైన గ్లాస్ కవచాలు వేసుకుని దిగేవాళ్ళు. రోల్ ప్లేయింగ్ గేమ్‌లో ఆనందం ఏంటి? ఒకప్పుడు మనల్ని తరిమినోడిని తిరిగొచ్చి కొట్టడం. మనతో పాటు వాడూ పెరిగితే పరిగెత్తేది ట్రెడ్‌మిల్ మీద. గెన్షిన్‌లో ఒక లెవెల్ తగ్గించుకోవచ్చు, ఒక్కటే.

నాలుగోది, మాటలు. కథలో ముఖ్యమైన సంభాషణల్ని దాటెయ్యడానికి ఏళ్ల తరబడి బటన్ ఇవ్వలేదు. పైమాన్ అప్పుడే విన్నదాన్ని మళ్ళీ చెప్పుద్ది, మనం మళ్ళీ నొక్కాలి. పైగా తెలుగు సంగతి అటుంచండి, హిందీ కూడా లేదు. తెలుగు మీడియంలో చదివిన కుర్రాడు అరగంట ఇంగ్లీషు డైలాగుల ముందు కూర్చోవాలి. ఇంకోవైపు, నిజంగా చదవాల్సిన కథలేమో మాయమైపోతాయి. స్కారమూష్ అనే ముఖ్యమైన పాత్ర మొదటిసారి కనపడింది 2020 చివర్లో జరిగిన ఒక ఈవెంట్‌లో. ఆ రోజులు అయిపోయాయి, ఈవెంట్ పోయింది. తర్వాత వచ్చినవాడికి ఆ పరిచయం లేదు. పుస్తకం కొంటే మొదటి అధ్యాయం చింపి ఇచ్చినట్టు.

సరే, ఇప్పుడు నా సంగతి.

బీటెక్ అయ్యాక నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేశా. పేరు అనవసరం. షాపింగ్ యాప్. రోజూ యాప్ తెరిస్తే నాణేలు ఇచ్చే ఫీచర్ ఒకటి పెట్టారు. ఒక్క రోజు మానేస్తే లెక్క మళ్ళీ ఒకటి నుంచి. రాత్రి తొమ్మిదింటికి "మీ నాణేలు పోతున్నాయి" అని నోటిఫికేషన్. దాని కోడ్‌లో సగం నేనే రాశా. మర్నాడు వచ్చేవాళ్ళ సంఖ్య పెరిగింది. మీటింగ్‌లో చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టా.

సంక్రాంతికి ఇంటికొచ్చా. రాత్రి అందరం భోజనానికి కూర్చున్నాం. అమ్మ కలిపిన ముద్ద కంచంలో వదిలేసి లేచింది. "ఏంటమ్మా" అంటే, "ఉండరా, నా నాణేలు పోతాయి" అని ఎడం చేత్తో ఫోన్ తీసి నొక్కింది. 43 రోజుల నుంచి ఒక్క రోజు కూడా మానలేదంట. గర్వంగా చెప్పింది. చూస్తే మా యాప్. ఆ నాణేలన్నీ కలిపి మార్చుకుంటే పది రూపాయలు. అది నేను రాసిన టైమర్ అని ఆ రోజు చెప్పలేకపోయా. నిజం చెప్పాలంటే, అదే రాత్రి పన్నెండింటికి నేను దుప్పట్లో దూరి రెజిన్ ఖర్చు పెడుతున్నా. అమ్మకీ నాకూ తేడా ఏముంది?

ఉద్యోగం మానెయ్యడానికి అదొక్కటే కారణం అని చెప్పను, వేరేవి కూడా ఉన్నాయి. కానీ ఆ ముద్ద నాకు గుర్తుంది. వేసవిలో ఒకసారి అమ్మకి చెప్పేశా. నవ్వింది. "అయితే ఇంకో పది రూపాయలు ఎక్కువ పెట్టించలేకపోయావా" అంది. అంతే. మర్నాడు చూస్తే ఫోన్‌లో ఆ యాప్ లేదు.

అందుకే చెప్తున్నా. డిజైన్ లోపం అంటే బగ్ కాదు. బగ్ పొరపాటున వచ్చుద్ది. ఇవి పొరపాట్లు కావు. ఎవరో కూర్చుని, లెక్కేసి, పరీక్షించి పెట్టినవి. ఆ కుర్చీలో నేను కూర్చున్నా కాబట్టి తెలుసు.

గెన్షిన్ మానెయ్యమని చెప్పట్లేదు. నేను మానలేదు. మూడు పనులు మాత్రం చేస్తున్నా. ఒకటి, ఆట తెరిచేటప్పుడు నన్ను నేను అడుగుతా: ఆడాలనిపించి తెరుస్తున్నానా, పోతుందని భయపడి తెరుస్తున్నానా? భయమైతే ఆ రోజు తెరవను. రెజిన్ పొంగిపోనీ, ఏ చేనూ ఎండదు. రెండు, ఏ క్యారెక్టర్ నచ్చినా దాని ధర సగటుతో లెక్కపెట్టను, 180 విష్‌లతోనే లెక్కపెడతా. ఆ మొత్తాన్ని రూపాయల్లో కాగితం మీద రాస్తా. రాశాక ఎప్పుడూ కొనబుద్ధి కాలేదు. మూడు, ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టా. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అమ్మానాన్నల ఫోన్‌లో ఆడేవాళ్ళు ఈ మూడోది ఇప్పుడే పెట్టండి. వీడియో ఆపి పెట్టండి, పర్లేదు.

ఆ తర్వాత ఎప్పుడైనా ఖాళీగా ఉన్నప్పుడు, ఏ క్వెస్టూ పెట్టుకోకుండా, లియూలో ఏదో ఒక కొండ ఎక్కి కిందికి చూడండి. ఆ పని చేయడానికి రెజిన్ అక్కర్లేదు, రూపాయి అక్కర్లేదు. ఆ గేమ్‌లో అన్నిటికంటే మంచి భాగం అదే, అది ఇప్పటికీ ఉచితం.

మీరు ఏ ఆటని భయంతో తెరుస్తున్నారో చెప్పండి. పేరు ఒక్కటి చాలు, వచ్చే ఎపిసోడ్‌లో దాని లెక్క వేద్దాం. ఉంటా మరి.