మీట ఎవరి చేతిలో ఉండవలెను?

ఇంటిలో పాట వినిపించు యంత్రమొకటి ప్రవేశించిన నాటినుండి ఆ యింటిలో తగవు కూడ ప్రవేశించినది. పెద్దలు వినదగినదని యెంచినది పిన్నలకు నిద్ర తెప్పించును. పిన్నలు మెచ్చినది పెద్దలకు తలనొప్పి తెచ్చును. ఈనాడు సెల్ ఫోనును గూర్చి తాతలు చేయుచున్న ఫిర్యాదును మేము శ్రద్ధగా వినుచున్నాము. విన్నకొలది మాకొక సంగతి జ్ఞాపకము వచ్చుచున్నది. అరువది యేండ్ల క్రిందట ఈ తాతలే సిలోను రేడియోకు చెవి యొగ్గి చదువు చెడగొట్టుకొనుచున్నారని తిట్లు తినిరి. వారిని తిట్టిన తండ్రులు అంతకు ముందు నాటకపు పద్యముల ప్లేట్ల కొరకు గ్రామఫోను కీ త్రిప్పి త్రిప్పి తమ తండ్రులచేత చీవాట్లు తినిరి.

"ఎప్పుడును ఇంతే" యని నవ్వి యూరకుండుట సులభము. మాకది సోమరి సమాధానముగా తోచును. ఒక్కొక్క యంత్రము వచ్చినప్పుడు ఇంటిలో నిజముగా ఏదో యొకటి పోయినది, ఏదో యొకటి వచ్చినది. పోయినదేదో వచ్చినదేదో విడదీసి చూచిననే గాని ఎవరి పక్షమున ఎంత న్యాయమున్నదో తేలదు.

ముందుగా గ్రామఫోనును తీసికొందము. రంగస్థలముపై నటుడు పద్యమెత్తుకొనినచో రాగము సాగినంతసేపు సాగెడిది. జనము "వన్స్ మోర్" అని కేక వేసినచో చచ్చిపడిన పాత్ర కూడ లేచి, మరల పాడి, మరల చచ్చెడిది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు నల్లని ప్లేటుపై ఒక్కొక్క వైపున పట్టునది సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే. సూదిని వెనుకకు జరుపుటయే అచట వన్స్ మోర్. సంగీతమును గుడ్డ కత్తిరించినట్లు కత్తిరించుచున్నారని పెద్దలు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ ముమ్మాటికి న్యాయమైనది. కాని నాటకశాలకు వెళ్ళుటకు అనుమతి లేని ఆడపడుచు అదే పద్యమును తన యింటి వసారాలో కూర్చుండి వినగలిగినదన్న మాటయు అంతే నిజము. పద్యము పొట్టిదైనది, వినువారి వరుస పొడవైనది.

ఇక ముసలమ్మల ఫిర్యాదు వేరు. పెట్టె పాడుచుండగా ఇంటిలో నోరు విప్పి పాడువారెవరని వారడిగిరి. తెల్లవారుజామున తిరుగటి పాట, దంపుళ్ళ పాట, ఉయ్యాల యొద్ద లాలిపాట, పేరంటమున మంగళహారతి ఇవన్నియు సన్నగిల్లిన మాట నిజమే. కాని నేరమంతయు పాటపెట్టెపై మోపుట తగదు. దంపుళ్ళ పాటను చంపినది రేడియో కాదు, బియ్యపు మిల్లు. రోకలి మూల చేరిన పిదప రోకటి పోటుతో పుట్టిన పాట యెచట నిలుచును? ఆ పాట కొరకు రోకలిని మరల చేతికిచ్చెదమన్నచో, దంచి దంచి చేతులు కాయలు కాచిన అవ్వ యొక్కతెయు ఒప్పుకొనదు. లాలిపాట సంగతి అట్లు కాదు. పిల్లవానిని నిద్రపుచ్చు పని మిల్లునకు రాదు. ఆ పాట పోయిన యింట నిజముగా లోటున్నది.

రేడియో కాలమునకు వత్తము. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రము ఆరంభమైనది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసినది. హైదరాబాదులోని దక్కను రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరినది. ఆనాటి వాల్వు రేడియో సామాన్యమైన వస్తువు కాదు. మీట త్రిప్పిన వెంటనే పలుకదు. లోపలి గాజుబుడ్లు వేడెక్కువరకు కాచుకొనియుండవలెను. ఇంటికప్పుపై ఏరియలు తీగ కట్టవలెను. ఏటేట తపాలా కార్యాలయమునకు పోయి లైసెన్సు రుసుము చెల్లింపవలెను. ఇంతటి గౌరవము గల వస్తువునకు అల్లిక గుడ్డ కప్పి, పిల్లల చేతికందని యెత్తున బల్లపై నిలిపెడివారు. అంత యెత్తున నిలుపుటలోనే తీర్పు ఇమిడియున్నది. మీట ఇంటి యజమానిది.

ఇంటింటి తగవు ఒకప్పుడు దేశము తగవుగా మారినది. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రిత్వము వహించిన డాక్టర్ బి. వి. కేస్కర్ గారు శాస్త్రీయ సంగీతాభిమాని. సినిమా పాటలు జనుల అభిరుచిని పాడుచేయుచున్నవని వారి నిశ్చయము. రేడియోలో ఆ పాటల పాలు తగ్గింపబడినది; పాటతోబాటు చిత్రము పేరు చెప్పుట వ్యాపార ప్రకటన యగునని అదియు మానిపింపబడినది. దానితో నిర్మాతలు కోపించి తమ పాటలను ప్రసారము చేయుటకిచ్చిన అనుమతిని ఉపసంహరించుకొనిరి. ఫలితమేమి? కుర్రకారు షార్టువేవునకు ముల్లు జరిపి కొలంబో పట్టుకొనిరి. అమీన్ సయానీ గారి బినాకా గీత్ మాలా కొరకు బుధవారపు రాత్రి ఎన్ని యిండ్లలో భోజనము చల్లారినదో లెక్క లేదు. అదే సిలోను రేడియోలో తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గారి గొంతును ఈనాటికిని తలచుకొను వృద్ధులు గలరు. తుదకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణియే వివిధభారతిని ప్రారంభించి సినిమా పాటకు తలుపు తీసినది.

కేస్కర్ గారిని పరిహసించుట నేడొక వాడుకయైనది. మేము అందులో చేరము. సంగీతపు జాతీయ కార్యక్రమమును 1952లో ఆరంభించి గొప్ప విద్వాంసులను సామాన్యుల యిండ్లకు కొనివచ్చినది ఆ విధానమే. సంస్థానములు అంతరించి పోషణ కరవైన కాలమున పెక్కుమంది గాయకులకు అన్నము పెట్టినది రేడియో. ఇచ్చుటలో వారు చేసినది మేలు. నిషేధించుటలో చేసినది పొరపాటు. వినవలదన్న పాట మరింత తీయనగునని ఏ యింటి తల్లియైనను ఎరుగును. ఇంకొక విచిత్రము చూడుడు. హార్మోనియమును 1940లో రేడియో వెలివేసినది. 1971 వరకు ఆ వెలి తీరలేదు. ఆ పెట్టె లేనిదే మన నాటకములలో పద్యమునకు ఊపిరి లేదు. అయినను అది శాస్త్రమునకు పనికిరాదని రేడియోలోనికి రానీయలేదు. మరి వెలివేయబడిన సినిమాయే 1980లో కె. విశ్వనాథ్ గారి 'శంకరాభరణము' రూపమున వచ్చి, కర్ణాటక సంగీతమునకు టిక్కెట్టు కొని చెవి యొగ్గు జనమును హాళ్ళనిండ చేర్చినది. నిషేధము వలన కాని పని ఆకర్షణ వలన అయినది.

సినిమా పాటకును కచేరీకిని నడుమ వెలసిన లలిత సంగీతమును కూడ ఇచట మరువరాదు. బాలాంత్రపు రజనీకాంతరావు గారు మొదలైనవారు రేడియో కొరకే కట్టిన గేయములు తాతకును మనుమనికిని సంధి కుదిర్చినవి. రాగమున్నది గనుక తాత కాదనడు. పల్లవి నాలుకపై నిలుచును గనుక మనుమడు లేచిపోడు. న్యాయాధిపతులు చేయలేని సంధి ఐదు నిమిషముల పాట చేసినది.

పెట్టె యొక్కటే యగుటచే కలిగిన లాభము వేరొకటి కలదు. సినిమా పాటల కొరకు ముందుగా వచ్చి కూర్చున్న కుర్రవాడు, దానికి ముందు వచ్చు వ్యవసాయదారుల కార్యక్రమమును విధిలేక వినెను. ధాన్యము ధరవరలు, పైరుపై పురుగు వార్త వాని చెవిని పడినవి. 1974 నుండి ప్రాతఃకాలమున వచ్చుచున్న సంస్కృత వార్తలను అర్థము తెలియకయే విన్న పిల్లలకు ఆ మొదటి వాక్యము ఇప్పటికిని కంఠస్థము. కోరనిది చెవిని పడుట యొక విద్య. ఆ విద్యకు రుసుము లేదు, పరీక్ష లేదు. మీట మన చేతిలో లేకుండుటయే దాని పాఠశాల.

ఐతే ఆ కాలమును రామరాజ్యముగా వర్ణించువారితో మాకు పేచీ యున్నది. ఆ పెట్టె యెదుట అందరును సమానముగా కూర్చుండలేదు. కోడలు వంటయింటి గడప కీవల నుండియే వినెను. పోపు చిటపటలలో పల్లవి వినబడినచో చరణము వినబడలేదు. మగవారు కచేరీలకును పిల్లలు బడులకును వెళ్ళిన మధ్యాహ్నవేళ వచ్చు స్త్రీల కార్యక్రమమే ఆమె సొంతము. ఆ అరగంట మాత్రమే మీట ఆమె చేతిలో ఉండెడిది. ఇంటిల్లిపాది కలసి వినిన రోజులు పోయినవని నిట్టూర్చు పెద్దమనుష్యులను మేమొక ప్రశ్న అడుగుదుము. తాము కోరుచున్నది ఆ కలయికనా, లేక మీటపై నున్న తమ చేయినా?

ఇల్లు చీలినది సెల్ ఫోనుతోనని అందరును అందురు. ఆ చీలిక ట్రాన్సిస్టరుతోనే మొదలైనదని మా అభిప్రాయము. గాజుబుడ్లు పోయి, గోరంత ముక్కతో బ్యాటరీపై పలుకు రేడియో రాగానే అది బల్ల దిగినది. సైకిలు చేతిపిడికి వ్రేలాడినది, పొలము గట్టునకు పోయినది, చెరువు కట్టపై స్నేహితుల నడుమ పాడినది. తాతకు వినబడని చోట మనుమడు వినుట ఆనాడే ఆరంభమైనది. తగవు తగ్గినదని పెద్దలు సంతోషించిరి గాని, తగవుతోబాటు తగ్గినదేమో చూచుకొనలేదు.

దూరదర్శనము మరల కొంతకాలము అందరిని ఒకచోట చేర్చినది. 1959లో ఢిల్లీలో మొలకెత్తిన ఆ సాధనము, 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము పాటు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు చేరినది. అందు ఆంధ్రప్రదేశ్ కూడ ఒకటి. ఊరంతటికి ఒక్క పెట్టె! 1987లో రామాయణము ధారావాహిక ఆరంభమైనపుడు హిందీ ముక్క రాని బామ్మలు ఆదివారము ఉదయము స్నానముచేసి తెర యెదుట కూర్చుండిరి. కథ తెలిసినదే గనుక భాష అడ్డురాలేదు. తరువాత, 1995 నుండి ప్రైవేటు తెలుగు ఛానళ్ళు వచ్చి రోజువారీ సీరియళ్ళు పెరిగిన పిదప తగవు తలక్రిందులైనది. "ఎప్పుడు చూచినను ఆ పెట్టెయేనా?" అని మనుమరాలు బామ్మను మందలింపసాగినది! పెద్దలు పిన్నలకు చెప్పిన నీతులన్నియు అసలుతో వడ్డీతో తిరిగి వచ్చినవి.

ఇప్పుడు అర చేతిలో ఇమిడిన ఫోను వచ్చినది. తాతకొకటి, తండ్రికొకటి, పిల్లకొకటి. ఎవరి చెవిలో వారి పాట. మీట కొరకు కలహము లేదు. మమ్ము కలవరపెట్టుచున్నది ఈ నిశ్శబ్దమే. ఈ యంత్రమునకు పూర్వపు యంత్రములకు లేని గుణమొకటి యున్నది. మనము నిన్న మెచ్చినదేదో గుర్తుంచుకొని, నేడు దానివంటిదే మరల వడ్డించును. పప్పు ఇష్టమన్నవానికి జీవితాంతము పప్పే. తాతకు పాత నాటకపు పద్యములు వరుసగా వచ్చును. మనుమనికి కొత్త పాటలు వరుసగా వచ్చును. ఒకరి రుచి మరియొకరికి తెలియు మార్గము మూసికొనిపోవుచున్నది. పూర్వము "ఆ గోల కట్టివేయుము" అని తాత కసరుటకైనను ఆ గోల యేదో వినవలసియుండెను. ఇప్పుడు మనుమడేమి వినుచున్నాడో తెలియకయే అది గోలయని తీర్మానించుచున్నాడు. మనుమడును తాత వినునది చాదస్తమని వినకయే తీర్పు చెప్పుచున్నాడు.

ఫోనులు తీసి అటకపై పెట్టుడని మేము చెప్పము. కోడలికి తన చరణము తుదివరకు వినబడునది ఇప్పుడే. చెవి మందగించిన తాత పొరుగువారిని నిద్రలేపకుండ కచేరీ వినునది ఇప్పుడే. వీటిని పోగొట్టుకొనుట తెలివి కాదు. మాకు తెలిసిన యొక యింటిలో రాత్రి భోజనములైన పిదప అరగంట సేపు ఒక్క ఫోను మాత్రము పైకి వినబడునట్లు పెట్టుదురు. దినమునకొకరు కోరిక చెప్పవలెను. తక్కినవారు విసుగుకొనవచ్చును, వెక్కిరింపవచ్చును, లేచిపోరాదు. కొత్త పాటలలోని మాటలు అర్థము కాలేదని తాత అడిగినపుడు పదునాలుగేండ్ల పిల్ల పంక్తి పంక్తికి వివరించినదట. ఆయన హరికథ పెట్టిన దినమున, ఒకే మనిషి పాడుచు, ఆడుచు, కథ చెప్పుచు, నడుమ హాస్యమాడుట ఆ పిల్లకు క్రొత్తగా తోచినది. మరునాడు ఎవరికిని హరికథపై ప్రేమ పుట్టలేదు. తాతయు కొత్త పాటలకు దాసుడు కాలేదు. కాని "నిన్నటి నీ పాట కంటె ఇది నయము" అను మాటతో తగవు మరల మొదలైనది. ఆ యింటివారు దానిని శుభసూచకముగా భావించుచున్నారు. మేమును అట్లే భావించుచున్నాము.

ఈ పద్ధతిని ప్రయత్నింపగోరు శ్రోతలకు ఒకటి రెండు సూచనలు. అరగంట మించనీయవలదు. పరీక్షల దినములలో మానుడు. చిత్రము చూచుటకంటె వినుటయే మేలు. చూచుటకు అందరును ఒక చిన్న తెరపై వ్రాలవలెను, వినుటకు ఎవరి పని వారు చేసికొనుచునే యుండవచ్చును. వంతులు వయసు వరుసను గాని, ముద్దు వరుసను గాని వేయరాదు. మొదటి దినము మీట వంటయింటివారి చేతికి ఇయ్యుడు.