టీ గది, ఇరానీ హోటలు, ఆలేరు చాయ్

ఇంగ్లండు చూచి వచ్చినవారు అక్కడి కోటలను గూర్చి, వంతెనలను గూర్చి చెప్పిన తరువాత తప్పక చెప్పునది టీ గదుల సంగతి. తెల్లని బల్లగుడ్డ, పింగాణీ కూజా, అది చల్లారకుండ పైన ఉన్ని కుల్లాయి, పలుచని దోసకాయ ముక్కలు పెట్టిన రొట్టె, స్కోను అను మరియొక చిన్న రొట్టె, దానికి మీగడ, పండ్ల పాకము. సాయంకాలము నాలుగు గంటలకు వీనిని ముందుంచుకొని తొందర లేక కూర్చుండుట వారికొక వేడుక.

ఈ వేడుకకు మనము ఊహించునంత వయస్సు లేదు. లండను నగరమున ఎయిరేటెడ్ బ్రెడ్ కంపెనీ అను రొట్టెల సంస్థ 1864లో టీ దుకాణము నడుప నారంభించెను. లయన్స్ కంపెనీ 1894లో పికడిల్లీ వీథిలో తన మొదటి టీ దుకాణము తెరచెను. స్కాట్లండులోని గ్లాస్గోలో కేథరిన్ క్రాన్స్‌టన్ అను వ్యాపారదక్షురాలు 1903లో తెరచిన విల్లో టీ గదులు, శిల్పి మాకింటాష్ పనితనము వలన నేటికిని చూపరులను ఆకర్షించుచున్నవి.

మీగడ రుచి కొరకు మేము ఈ సంగతి ఎత్తలేదు. అంతకుముందు ఆ దేశమున మర్యాదగల కుటుంబపు స్త్రీ మగతోడు లేక బయట ఒకచోట కూర్చుండి కడుపునకింత తినుటకు వీలు తక్కువ. సారాయి అంగడి ఆమె పోదగినది కాదు. పెద్ద భోజనశాలలు ఒంటరి స్త్రీని చూచి మొగము చిట్లించెడివి. టీ గది ఆమెకొక కుర్చీ నిచ్చెను. వోటుహక్కు కోరిన స్త్రీలు టీ గదులలో కలిసికొని మంతనము లాడిరి. 1918లో కొందరు స్త్రీలకు, 1928లో పురుషులతో సమానముగా అందరికిని ఆ హక్కు లభించెను. అది టీ వలన వచ్చినదని మేము అనము. కూర్చుండి మాటలాడుకొనుటకు చోటు దొరకుట చిన్న విషయము కాదని మాత్రము అందుము.

మన ప్రాంతమున ఈ టీ గదికి తోబుట్టువు ఇరానీ హోటలు. ఇరాను దేశపు యజ్ద్, కెర్మాను ప్రాంతముల నుండి బయలుదేరినవారు బొంబాయి, పూనాల మీదుగా హైదరాబాదు చేరి ఈ హోటళ్లు పెట్టిరి. ఆబిడ్సులోని గ్రాండ్ హోటలు 1935 నాటిది. వీథి మూల స్థలము అచ్చిరాదని మన వర్తకులు వదలివేయగా వారు చౌకగా తీసికొనిరని ఒక మాట కలదు. అందు నిజమెంతయున్నను, మూల నుండుటచే రెండు వీథుల జనము ఒకే గుమ్మమున ప్రవేశించెను.

అక్కడి చాయ్ చేయు పద్ధతియే వేరు. ఆకును నీటిలో వేసి, పాత్రకు మూత బిగించి, సన్నని సెగపై చాలసేపు మగ్గనిత్తురు. పాలను వేరొక పాత్రలో చిక్కబడువరకు మరిగింతురు. అడిగినప్పుడు కప్పులో రెండును కలిపి ఇత్తురు. పంచదార సంగతి చెప్పనక్కరలేదు. ఆంగ్లేయుడు దీనిని టీ అనునో పాయసమనునో! ప్రక్కన ఉప్పును తీపియు రెండును తెలియు ఉస్మానియా బిస్కట్టు. సాసరులో పోసి ఊదుకొని త్రాగుట ఇచ్చట మర్యాదకు లోపము కాదు.

ఆ పాలరాతి బల్లల వద్ద రిక్షావాడును వకీలును ఎదురెదురుగా కూర్చుండిరి. ఒక్క కప్పు తెప్పించుకొని గంటసేపు పత్రిక చదివినను లెమ్మనువారు లేరు. ఆబిడ్సులోని ఓరియంట్ హోటలు రచయితలకు, చిత్రకారులకు, రాజకీయవాదులకు కూడలిగా నుండెను. అది ఇప్పుడు లేదు. అయితే చాల హోటళ్లలో స్త్రీలకు వేరుగా తెర కట్టిన గది ఉండెడిది. అచ్చట టీ గది బహిరంగముగా ఇచ్చిన కుర్చీని ఇచ్చట తెరచాటున వేసిరన్నమాట. ఇది మాకు నచ్చిన విషయము కాదు.

ఇక ఆలేరు. సికింద్రాబాదు నుండి కాజీపేటకు పోవు రైలుదారిలో ఉన్న ఊరు. 2016 వరకు నల్లగొండ జిల్లాలోనిది, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. నిజాము కాలపు ఈ దారి 1886లో వరంగల్లు చేరెను. మన దేశమున టీ పల్లెలకు ప్రాకుటకు రైలు గొప్ప సాధనము. 1903లో ప్రభుత్వము ఎగుమతి టీపై సుంకము విధించి, ఆ సొమ్మును ప్రచారమునకు వినియోగించెను. టీ కాచు విధమును దేశభాషలలో వ్రాసిన రేకు పలకలు స్టేషన్లలో వెలసెను. 1930లో అస్సాములో పుట్టిన సి.టి.సి. యంత్రము ఆకును చించి, నలిపి, చిన్న గుండ్లుగా చుట్టుటచే కొద్ది పొడితోనే చిక్కని రంగు దిగెను. దానితో టీ చౌక పడెను. పాలు, బెల్లము, అల్లము ఎవరికి తోచినట్లు వారు చేర్చుకొనిరి.

ఇట్టి ఊళ్ల హోటలులో బల్లగుడ్డ లేదు, పింగాణీ కూజా లేదు. రెండు బెంచీలు, ఒక పొయ్యి, పలువురి చేతులు మారి నలిగిన దినపత్రిక. వానల మాట, ప్రత్తి ధర, పెండ్లి సంబంధము అన్నియు అక్కడనే తేలును. కాని తెలుగు పల్లెలలో ఎన్నో చోట్ల ఈ బెంచీ అందరిది కాలేదు. దళితులకు వేరు గ్లాసు. అది చూరుక్రింద ఉండును, త్రాగినవాడే కడిగి పెట్టవలెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దు చేసెను. 1955 నాటి చట్టము హోటలులో ప్రవేశమును, అచ్చటి పాత్రలను ఎవరికి నిరాకరించినను నేరమనెను. ఆ పిమ్మట దశాబ్దములు గడచినను రెండు గ్లాసుల ఆచారము అక్కడక్కడ నిలిచియుండెను. హైదరాబాదు పాలరాతి బల్లకును పల్లె చూరునకును నడుమ నున్న దూరము మైళ్లతో కొలచునది కాదు.

ఇప్పుడు కాగితపు కప్పు వచ్చినది. త్రాగి పారవేయునది గనుక కడుగు పని లేదు, వేరు గ్లాసు ప్రశ్నయు లేదు. కొందరు దీనిని సంస్కరణ మందురు. మేము కొంచెము సందేహింతుము: చేతిలో కప్పు మారినంతమాత్రమున బెంచీపై ప్రక్కన చోటు దొరకినట్లు కాదు. పైగా కాగితపు కప్పుతో జనము నిలుచుండియే త్రాగి పోవుచున్నారు.

ఆలేరు దిగువారిలో చాలమంది సమీపమున కొలనుపాకలోని ప్రాచీన జైన మందిరము చూడబోవువారు. తిరుగు ప్రయాణమున బండికి వ్యవధి ఉన్నచో నిలుచుండి కాక కూర్చుండియే చాయ్ త్రాగుడు. ప్రక్కన ఎవరైన నిలిచియున్న కొంచెము జరిగి చోటిండు.