కుక్కకు ఇంటి బిస్కెట్లు
మీ పెంపుడు కుక్కకు బిస్కెట్లు ఇంట్లోనే చేయొచ్చు. ఉడికించి మెదిపిన చిలగడదుంప ఒక కప్పు, ఒక గుడ్డు, ముద్దకు పట్టినంత రాగిపిండి. ఉప్పు, పంచదార వద్దు. చపాతీ కన్నా మందంగా ఒత్తి, ముక్కలు కోసి, ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర సుమారు 25 నిమిషాలు, గట్టిపడేదాకా కాల్చండి. చల్లారాకే పెట్టండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ప్రేమకొద్దీ కిస్‌మిస్ వేయకండి. ద్రాక్ష ఏ రూపంలో ఉన్నా కుక్క మూత్రపిండాలను దెబ్బతీయగలదు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి. చాక్లెట్ విషమే. పీనట్ బటర్ కలిపేవారు డబ్బా మీద చక్కెరకు బదులు వాడే జైలిటాల్ పేరుందేమో చూడాలి. అది కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. ఇక రోజు మొత్తం తిండిలో ఈ చిరుతిండి 10 శాతం దాటకూడదు, ఎంత తోక ఊపినా సరే.