రెగే పాట కింద ఉన్న నేల



పాత రెగే అంటే మనలో చాలామందికి ప్రాణం. బాబ్ మార్లే బొమ్మ ఉన్న టీషర్టులు మన హాస్టళ్ళలోనూ కనిపిస్తాయి. ఆ పాట వినగానే కళ్ళముందు ఏమొస్తుంది? నీలి సముద్రం, తెల్ల ఇసుక, కొబ్బరిచెట్ల మధ్య వల ఊయల. ఒక్కసారైనా జమైకా వెళ్ళిరావాలనిపిస్తుంది. ఆ కోరికలో తప్పేం లేదు. కానీ ఆ బొమ్మలో అక్కడి జనం లేరు. ఈరోజు వాళ్ళ గురించి మాట్లాడుకుందాం.

ముందు ఆ ఊయల సంగతి. ఇంగ్లీషువాళ్ళు హేమక్ అంటారే, ఆ మాట కరీబియన్ దీవుల ఆదివాసులైన టైనోలది. జమైకా అనే పేరూ వాళ్ళదే. 'అడవీ నీళ్ళూ ఉన్న నేల' అని దానికి అర్థం చెబుతారు. మన జల్, జంగల్, జమీన్ గుర్తుకు రావడం లేదూ?

1494లో కొలంబస్ ఆ ఒడ్డున దిగాడు. ఆ తర్వాత వెట్టిచాకిరీ, కొత్త రోగాలు టైనోలను దాదాపు తుడిచిపెట్టాయి. చెరకు తోటల్లో పనికి ఆఫ్రికా మనుషుల్ని గొలుసులేసి తెచ్చారు. తప్పించుకున్నవాళ్ళు కొండలెక్కారు. వాళ్ళే మరూన్లు. అడవిని నమ్ముకుని పోరాడి, 1739లో బ్రిటిష్ వాళ్ళని ఒప్పందానికి దించారు.

రెగే ఈ చరిత్రలోంచే వచ్చింది. 1960ల చివర్లో కింగ్‌స్టన్ పేదవాడల పిల్లలు కట్టుకున్న పాట అది. మార్కస్ గార్వీ నల్లజాతి ఆత్మగౌరవం కోసం జీవితమంతా పనిచేసినవాడు. బర్నింగ్ స్పియర్ బృందం 1975లో తెచ్చిన ఆల్బమ్ పేరు కూడా 'మార్కస్ గార్వీ'యే. గార్వీ, మార్లే, ఆ బృందం గాయకుడు విన్‌స్టన్ రాడ్నీ ముగ్గురిదీ సెయింట్ ఆన్ ప్రాంతమే.

ఆ సెయింట్ ఆన్‌లో ఇంకేం ఉందో తెలుసా? బాక్సైట్. అక్కడి ఎర్రమట్టిని కంపెనీలు 1950ల నుంచి తవ్వుకుపోతున్నాయి. కాక్‌పిట్ కంట్రీ అడవిని గనుల నుంచి కాపాడుకోడానికి మరూన్ల వారసులు ఇప్పటికీ కొట్లాడుతున్నారు. అరకు, చింతపల్లి కొండల మనుషులకి బాక్సైట్ అంటే ఏంటో విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి ఆ తెల్ల ఇసుక ఎవరిది? 1956లో, బ్రిటిష్ పాలనలోనే, బీచ్ కంట్రోల్ చట్టం వచ్చింది. దాని ప్రకారం సముద్రపు ఒడ్డు మీద హక్కు రాజ్యానిది. మామూలు జమైకన్‌కి తన సముద్రంలో దిగి ఈదడానికి చట్టం ఇచ్చిన హక్కు లేదు. మంచి మంచి బీచ్‌లు హోటళ్ళ గోడల వెనక్కి పోయాయి. గోడకి లోపల టూరిస్టుల కోసం రెగే మోగుతుంటుంది, ఆ పాట పుట్టించిన జనం బయట ఉంటారు. 2018లో యునెస్కో రెగేని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. పాటకి గౌరవం దక్కింది. ఒడ్డు కోసం మాత్రం జనం ఇంకా కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మన థింసా ఇప్పుడు ఎక్కడ ఆడుతోందో చూడండి. పండక్కి ఊరంతా చేతులు కలిపి ఆడే ఆట, అరకు రిసార్టుల్లో టూరిస్టుల ముందు అరగంట ప్రోగ్రాం అయింది. ఆడి నాలుగు డబ్బులు తెచ్చుకునే అక్కల్ని నేను తప్పుపట్టను. కానీ ఆట అరకులో ఉండి, నేల మన చేతుల్లోంచి జారిపోతే మిగిలేదేంటి? 1/70 చట్టం ఉంది, 1997 సమతా తీర్పు ఉంది. వాటిని చదవండి. ఊళ్ళో పెద్దవాళ్ళ పాటలు ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు, ఆ పాటలో వచ్చే కొండ పేరు, గెడ్డ పేరు కూడా రాసుకోండి. రేపు గ్రామసభలో ఆ పేర్లే మనకి సాక్ష్యం.

రెగే వినండి, హాయిగా ఊగండి. ఆ పాట ఏ నేల కోసం పుట్టిందో కూడా తెలుసుకోండి.

జోహార్!